ఒక బోను, ముగ్గురు ముద్దాయిలు, ఒకే నల్లకోటు

ముగ్గురు ముద్దాయిలకు ఒకే లాయరు ఉండటం కన్నా గొప్ప సదుపాయాన్ని మానవజాతి ఇంతవరకు కనిపెట్టలేదు. ఈ మాట అంటే కొందరు ముక్కు విరుస్తారు. ఒకడికి మేలు చేస్తే ఇంకొకడు మునిగే చోట ఇద్దరి తరఫునా ఒకడే ఎలా వాదిస్తాడని నిలదీస్తారు. అలా నిలదీసేవాళ్ళు జీవితంలో ఎప్పుడూ బోనులో కూర్చోలేదన్నమాట.

మీరే ఆలోచించండి. ముగ్గురు లాయర్లుంటే మూడు రకాల వాయిదాలు. మూడు రకాల దగ్గులు. ఒకరి మాటకు ఒకరు అడ్డం. అదే ఒక్క లాయరైతే? తన మాటకు తనే అడ్డం తగలడు కదా?

తగులుతాడని ఫర్నిచర్ పనికి పేరుమోసిన అరబ్బు పట్నం దుమ్యాత్‌లో తేలింది. అయినా అది తరవాతి సంగతి. ముందు పాలిష్ మేస్త్రి షలబీ గురించి చెప్పుకోవాలి. ఈ సదుపాయాన్ని అందరికన్నా నిండుగా అనుభవించినవాడు అతనే.

షలబీకి నలభై ఆరేళ్ళు. లక్క రంగు పట్టేసి గోళ్ళు ఎప్పటికీ గోధుమ రంగులోనే ఉండేవి. కళ్ళు మూసుకుని వాసన చూసి ఇది బీచి చెక్క, ఇది టేకు అని చెప్పగలడు. చెప్పమంటేనే చెబుతాడు. మాటలు తక్కువ. హాజ్ ముతవల్లీ గారి ఫర్నిచర్ షోరూమ్ వెనకాల ఉన్న వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ వసంతంలో మూడు వారాల పాటు ఒకే ఒక్క మంచానికి పాలిష్ పెట్టాడు.

ఆ మంచం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. తలవైపు నిలువెత్తు హంసలు రెండు, మెడలు పెనవేసుకుని ఉంటాయి. వాటికి బంగారు రేకు. కాళ్ళవైపు పూలబుట్టలు. దాని మీద పడుకున్నవాడికి నిద్ర రాదు, తనకు పట్టాభిషేకం జరుగుతున్నట్టు ఉంటుంది. దుమ్యాత్‌లో పెళ్ళికూతుళ్ళ తల్లులందరూ వచ్చి దాన్ని చూసి, ధర అడిగి, నిట్టూర్చి వెళ్ళేవాళ్ళు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఊరంతా జుమా నమాజులో ఉండగా, ఆ మంచం మాయమైంది. షోరూమ్ వెనక తలుపు గొళ్ళెం విరిగి ఉంది.

పోలీసులు మూడు రోజులు వెతికారు. నాలుగో రోజు ఒక పెళ్ళికూతురి తల్లి తన కూతురి కొత్త పడకగది ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి, ఎవరి దిష్టీ తగలకూడదని కింద రాసింది. హాజ్ ముతవల్లీ గారు దానికి లైక్ కొట్టారు. కొట్టాక హంసల్ని గుర్తుపట్టారు. వెంటనే పోలీసులకు ఫోన్ చేశారు. ఆ ఫ్లాటు అద్దెకు తీసుకున్నది తన సొంత మేనల్లుడు రాగిబేనని ఆయనకు తెలిసేసరికి కేసు రాసేశారు.

రాగిబ్ హాజ్ గారి చెల్లెలు బహీగా గారి ఒక్కగానొక్క కొడుకు. పెళ్ళి కుదిరింది. హంసల మంచం లేనిదే పిల్లనివ్వనని అత్తగారు పట్టుబట్టింది. మేనమామ బంధువులకని తగ్గించి ఇచ్చే రకం కాదు. కాబట్టి రాగిబ్ ఆ శుక్రవారం దుసూఖీ అనే ట్రాలీ ఆటో డ్రైవరును పిలిచి, మంచం తను కొన్నాననీ, కొత్త దుమ్యాత్‌లో దించాలనీ చెప్పాడు. దుసూఖీ నమ్మాడు. పూర్తిగా నమ్మలేదు గానీ, కిరాయి వస్తుందనేంత వరకు నమ్మాడు.

మంచం మెట్ల మీదుగా పట్టలేదు. తాళ్ళు కట్టి బయటి నుంచి నాలుగో అంతస్తు బాల్కనీలోకి లాగారు. నమాజు ముగించుకుని వస్తున్న వీధివీధంతా తలలెత్తి చూసింది. హంసలు లోపలికి వెళ్ళగానే ఎవరో చప్పట్లు కొట్టారు కూడా. తరవాత పోలీసులు అడిగితే మాత్రం ఆ వీధిలో ఒక్కరూ ఏమీ చూడలేదన్నారు. అందరూ ఆ సమయంలో నమాజులోనే ఉన్నారట. రాగిబ్ వీధంతా మిఠాయి పంచి ఉన్నాడు మరి.

ఇందులో షలబీ ఎక్కడున్నాడు? ఎక్కడా లేడు. ఆ రోజు అతను పొరుగూరు ఎజ్బత్ అల్-బుర్జ్‌లో చెల్లెలింట్లో ఉన్నాడు. మేనకోడలు పుట్టిన ఏడో రోజు వేడుక. కానీ రాగిబ్‌ను పట్టుకున్నప్పుడు, కంగారులో అతని నోటికి వచ్చిన మొదటి పేరు షలబీది.

"నాకేం తెలుసు సార్, మధ్యాహ్నమంతా వర్క్‌షాపులో షలబీ మేస్త్రితో కూర్చుని ఉన్నాను" అన్నాడు రాగిబ్.

తనను కాపాడుకోవడానికి అన్న మాట అది. పోలీసు అధికారి ఇంకోలా రాసుకున్నాడు. వర్క్‌షాపు ఉన్నది షోరూమ్ వెనకే. అంటే ఇద్దరూ అక్కడే ఉన్నారు. పైగా మంచం నిండా షలబీ వేలిముద్రలు. రెండు హంసల మీదా, పూలబుట్టల మీదా, ఆఖరికి మంచం అడుగున కూడా. మూడు వారాలు ఒక మంచాన్ని రుద్దినవాడి వేలిముద్రలు దాని మీద కాక గోడ మీద ఉంటాయా? ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. బండి ఆనవాలు పట్టి దుసూఖీని కూడా తెచ్చి, ముగ్గురినీ లోపలేశారు.

షలబీ భార్య ఇహ్సాన్ దివాన్ దిండ్లకు గలీబులు కుడుతుంది. ట్రాలీ డ్రైవర్ దుసూఖీ ఆమె సొంత తమ్ముడు. ఒకే రోజు మొగుడు, తమ్ముడు ఇద్దరూ స్టేషన్లో కూర్చుంటే ఆమె కుట్టుమిషన్ మీద తల వాల్చేసింది. లాయర్ని పెట్టుకునే తాహతు లేదు. అప్పుడు వచ్చింది బహీగా గారు, నల్ల అబాయాలో, అత్తరు వాసనతో, స్వయంగా గడప దాటి.

"నా కొడుకుతో పాటు నీ మొగుడికీ, నీ తమ్ముడికీ కూడా మా లాయరే చూస్తాడు. నువ్వు పైసా ఇవ్వక్కర్లేదు. ముగ్గురూ ఒకే ఉప్పు తిన్నవాళ్ళు, విడదీస్తామా ఏంటి?" అంది.

ఇహ్సాన్ ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకుంది. వీధిలో అందరూ ఆవిడని దీవించారు. ఈ కాలంలో పక్కింటామె మొగుడికి లాయర్ని పెట్టేవాళ్ళు ఎక్కడున్నారు చెప్పండి?

లాయరు పేరు వజ్దీ ఖుర్షీద్. బొద్దుగా, నున్నగా, ఎప్పుడూ అప్పుడే క్షవరం చేయించుకున్నట్టు ఉండేవాడు. మూడు ఫైళ్ళనూ ఒకే తాడుతో కట్టి తెచ్చాడు. నిందితులతో విడివిడిగా మాట్లాడటం వృత్తిధర్మమని చెప్పి, ఒకరి తరవాత ఒకరిని అదే గదిలోకి, అదే కుర్చీలోకి పిలిపించాడు. మొదట రాగిబ్‌తో గంటన్నర కూర్చున్నాడు. దుసూఖీతో పావుగంట. చివరికి షలబీ వంతు వచ్చింది.

"నువ్వు నిర్దోషివి షలబీ. నాకు తెలుసు" అన్నాడు వజ్దీ.

షలబీకి కళ్ళు చెమ్మగిల్లాయి. నాలుగు రోజులుగా ఆ మాట అన్నవాడు లేడు. "అల్లా మీకు మేలు చేయాలి లాయరు గారూ. మీకెలా తెలిసింది?"

"అది చెప్పకూడదు. అది నా ఇంకో క్లయింటు రహస్యం."

"ఇంకో క్లయింటంటే రాగిబ్ బాబేనా?"

"ఆ మాట నేననలేదు. నువ్వూ అనకు. నువ్వంటే నీ లాయరుగా వింటాను గానీ, అతని లాయరుగా నాకు బాధ కలుగుతుంది."

షలబీ తను ఆ శుక్రవారం ఎక్కడున్నాడో చెప్పాడు. వీడియో ఉందన్నాడు. ఇహ్సాన్‌కు చెల్లెలు పంపిన వీడియో అది. మర్నాడు ఇహ్సాన్ దాన్ని లాయరు ఆఫీసులో చూపించింది. అందులో షలబీ, ఏడో రోజు ఆచారం ప్రకారం, ఇత్తడి రోలు మోగిస్తూ, జల్లెడలో పడుకోబెట్టిన పసిదాని చెవి దగ్గర, "మీ అమ్మ మాట విను, మీ నాన్న మాట వినకు" అంటున్నాడు. వెనకాల మసీదు మైకులో శుక్రవారం ఉపన్యాసం. వజ్దీ రెండుసార్లు చూశాడు.

"బ్రహ్మాండమైన సాక్ష్యం. నా ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో ఇంత గట్టి సాక్ష్యం చూడలేదు. అందుకే దీన్ని బయటపెట్టకూడదు" అన్నాడు.

తరవాతి సారి జైలుకు వచ్చినప్పుడు షలబీ ఆ సంగతి అడిగాడు. "ఎందుకు పెట్టకూడదు లాయరు గారూ?"

"చూడు నాయనా. మధ్యాహ్నమంతా నీతోనే ఉన్నానని రాగిబ్ చెప్పాడు. నువ్వు ఎజ్బత్‌లో ఉంటే, మరి అతను ఎవరితో ఉన్నట్టు? ఒక్కడే ఉన్నట్టు. పాపం ఆ ఒంటరివాణ్ణి ఎవరు కాపాడతారు?"

"మరి నన్నెవరు కాపాడతారు?"

"నేనే కదా" అన్నాడు వజ్దీ, నొచ్చుకుంటూ.

షలబీకి తప్పు ఎక్కడో ఉందని తెలుస్తోంది. పాలిష్ కింద చెక్కలో చీలిక ఉన్నట్టు, చేతికి తగులుతోంది, కంటికి కనపడటం లేదు.

ఇహ్సాన్‌కు లాయరు వేరేగా చెప్పాడు. షలబీ బయటపడితే రాగిబ్ ఊరుకోడు, నేరమంతా దుసూఖీ ఒక్కడిదే అంటాడు, అప్పుడు నీ తమ్ముడు మునుగుతాడు. వీడియో ఇవ్వమంటావా, వద్దా? నీ ఇష్టం అన్నాడు. మొగుడా, తమ్ముడా అని ఒక ఆడమనిషిని అడిగి, నీ ఇష్టం అనడం ఎంత పెద్దమనిషి తరహా చూడండి. ఇహ్సాన్ మూడు రోజులు అన్నం తినలేదు. వీడియో ఉన్న ఫోన్ మాత్రం బియ్యం డబ్బాలో దాచింది.

ఇక కోర్టు. ఇనుప బోనులో ముగ్గురూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. రాగిబ్ మధ్యలో, మిగతా ఇద్దరూ అటూ ఇటూ, పెళ్ళికొడుకూ తోడుపెళ్ళికొడుకుల్లా. పీఠం మీద ముగ్గురు న్యాయమూర్తులు. మధ్యలో కూర్చున్న పెద్ద జడ్జి, అంటే బెంచికి అధ్యక్షుడు, సన్నగా, అలసటగా ఉన్నాడు. ఆ రోజు ఆయన ముందు ఇంకా నలభై ఫైళ్ళున్నాయి.

వజ్దీ ఖుర్షీద్ నల్లగౌను సర్దుకుని బోనుకు కుడివైపు నిలబడ్డాడు.

"మొదటి ముద్దాయి రాగిబ్ తరఫున మనవి చేస్తున్నాను. గౌరవనీయ న్యాయమూర్తులారా, ఇతనికి ఏ పాపమూ తెలియదు. హాజ్ గారి మేనల్లుడి మీద అమితమైన ప్రేమతో, పెళ్ళికానుకగా ఇవ్వాలని, మిగతా ఇద్దరు ముద్దాయిలే ఆ మంచం దొంగిలించి అతని ఫ్లాటులో పెట్టారు. గొళ్ళెం విరిచే పనిముట్లు ఉన్నది పాలిష్ మేస్త్రి దగ్గర. బండి ఉన్నది డ్రైవరు దగ్గర. నా క్లయింటు దగ్గర ఉన్నది కాబోయే భార్య మాత్రమే."

తరవాత రెండు అడుగులు ఎడమవైపు వేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"రెండో ముద్దాయి దుసూఖీ తరఫున. నాకన్నా ముందు మాట్లాడిన న్యాయవాది మిత్రుడు చేసిన ఆరోపణ బొత్తిగా నిరాధారం."

పెద్ద జడ్జి తలెత్తాడు. "ముందు మాట్లాడింది మీరే కదా."

"అవును అధ్యక్షా. అందుకే మర్యాదగా ఖండిస్తున్నాను. డ్రైవరు అనేవాడు చూపించిన సామాను ఎక్కిస్తాడు, చెప్పిన చోట దించుతాడు. అది అతని వృత్తి."

"ఎవరు చూపించారు?"

వజ్దీ బోనువైపు చూశాడు. రాగిబ్‌ను చూశాడు. రాగిబ్‌ను దాటి ముందు వరసలో కూర్చున్న బహీగా గారిని చూశాడు. "చూపించినవారు" అన్నాడు.

"ఎవరా చూపించినవారు?"

"ఆ ప్రశ్నకు జవాబు ఇస్తే నా ఇంకో క్లయింటు ప్రయోజనానికి భంగం అధ్యక్షా. ఇవ్వకపోతే ఈ క్లయింటు ప్రయోజనానికి భంగం. కాబట్టి ఇద్దరికీ సమానంగా, సగం జవాబు ఇచ్చాను."

కుడివైపు జడ్జి రాసుకుంటున్న కలం ఆపేశాడు. ఏది ఎవరి వాదనో ఆయనకు లెక్క తప్పింది.

వజ్దీ ఇంకో రెండు అడుగులు వేసి షలబీ ఎదురుగా నిలబడ్డాడు. షలబీ చువ్వలు పట్టుకుని లేచాడు. తన వంతు వచ్చింది. చెల్లెలు, మేనకోడలు, ఇత్తడి రోలు, మసీదు మైకు, అన్నీ ఇప్పుడైనా వస్తాయి అనుకున్నాడు.

"మూడో ముద్దాయి షలబీ తరఫున కోర్టువారి దయను కోరుతున్నాను" అన్నాడు వజ్దీ. అని ఫైలు మూసేశాడు.

"అంతేనా?" అన్నాడు పెద్ద జడ్జి.

"మనసులో ఇంకా చాలా ఉంది అధ్యక్షా. వృత్తిపరంగా అంతే."

షలబీకి జీవితంలో మొదటిసారి నలుగురిలో గొంతు లేచింది. "అయ్యా, నేనొక మాట చెప్పుకోవాలి. ఆ రోజు నేను..."

"అభ్యంతరం" అన్నాడు వజ్దీ.

"ఎవరి తరఫున?"

"మొదటి ముద్దాయి తరఫున అధ్యక్షా. మూడో ముద్దాయి మాట్లాడటానికి."

"మరి మూడో ముద్దాయి న్యాయవాది ఏమంటారు?"

వజ్దీ తల వంచుకుని ఒక్క క్షణం తనలో తను సంప్రదించుకున్నాడు. ఆ క్షణంలో అతని మొహంలో నిజంగానే ఏదో పెనుగులాట కనిపించిందని చూసినవాళ్ళు చెబుతారు. తరవాత తలెత్తాడు.

"మూడో ముద్దాయి న్యాయవాది ఆ అభ్యంతరాన్ని సమర్థిస్తున్నారు."

పెద్ద జడ్జి గడియారం చూశాడు. ఎదురుగా ఉన్న ఫైళ్ళ కట్ట చూశాడు. సాక్ష్యమేదీ దాఖలు కాలేదు. మంచం మీద వేలిముద్రలున్నాయి. ముద్దాయి ఆ పరిసరాల్లోనే ఉన్నాడని ఇంకో ముద్దాయి చెప్పాడు, అతని సొంత లాయరే కాదనలేదు. ముగ్గురికీ తలా మూడేళ్ళు వేశారు.

దీన్నే సమానత్వం అంటారు. ముగ్గురు లాయర్లుంటే ఒకడు బయటికి, ఒకడు లోపలికి, ఒకడు ఇంటికీ జైలుకీ మధ్యలో. ఎంత అసూయ, ఎంత మనస్పర్థ. ఒక్క లాయరు ముగ్గురినీ ఒకే వ్యానులో ఎక్కించాడు.

జైల్లో షలబీ, దుసూఖీ ఒకే గదిలో పడ్డారు. రాగిబ్ కూడా అక్కడే, కిటికీ పక్కన, ఇంటి నుంచి వచ్చిన పరుపు మీద. మొదటి నెలంతా దుసూఖీ బావ మొహం చూడలేకపోయాడు. ఒక రోజు రొట్టె, ఫూల్ పప్పు తింటుండగా పక్కకు జరిగి గొంతు తగ్గించి అడిగాడు.

"బావా, జరిగింది జరిగినట్టు చెప్పేయనా?"

"ఇన్నాళ్ళూ ఎవరు ఆపారు నిన్ను?"

"లాయరు గారే. చెబితే కేసు వదిలేస్తానన్నాడు. వదిలేస్తే నాకూ, నీకూ కూడా లాయరు ఉండడట. నీ మీద జాలేసే నోరు మూసుకున్నా."

షలబీ రొట్టె కింద పెట్టాడు. "దుసూఖీ, మీ అక్క కూడా నీ మీద జాలిపడే వీడియో దాచేసింది. నిజం బయటపడితే నువ్వు మునుగుతావని మీ అక్కతో అన్నాడట."

బావా, బావమరిదీ ఒకరినొకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ కిటికీ వైపు చూశారు. రాగిబ్ పరుపు మీద వెల్లకిలా పడుకుని, చెయ్యి ఒకటి నుదుటి మీద వేసుకుని, హాయిగా నిద్రపోతున్నాడు.

"నాకు తెలిసి ఈ గదిలో లాయరు ఉన్నది ఒక్కడికే" అన్నాడు షలబీ.

పాలిష్ పని లేక అతని గోళ్ళకు పట్టిన రంగు నెలనెలా పైకి జరిగి, కత్తిరించినప్పుడల్లా కొంచెం పోయింది. ఏడాది తిరిగేసరికి గోళ్ళు తెల్లగా అయ్యాయి. వాటిని చూసినప్పుడల్లా అతనికి ఎవరివో చేతులు చూస్తున్నట్టు ఉండేది. ఇహ్సాన్ పదిహేను రోజులకొకసారి జున్ను, మిరపకాయలు పట్టుకుని వచ్చేది. వచ్చి, గిన్నె మూత తీస్తూ ఏడ్చేది. ఏడుపు ఎవరి గురించో అతను అడగలేదు. ఆమెకూ ఒకే గుండె, ఇద్దరు ముద్దాయిలు.

ఇక్కడే మన వజ్దీ ఖుర్షీద్ ప్రతిభ వెలుగులోకి వచ్చింది. కొడుకు జైల్లో ఉంటే బహీగా గారు ఊరుకోదు కదా. పై కోర్టుకు వెళ్ళమంది. వెళ్ళాలంటే కింది తీర్పులో లోపం చూపించాలి. వజ్దీ రాత్రీ పగలూ వెతికి, ఎవరికీ అందని లోపం పట్టుకున్నాడు. ప్రయోజనాలు ఒకదానికొకటి అడ్డం వచ్చే ముగ్గురు ముద్దాయిలకు కింది కోర్టులో ఒకే లాయరు వాదించాడు. ఇది చెల్లదు.

అరవై పేజీల అప్పీలు రాశాడు. ముగ్గురి తరఫునా తనే రాశాడు. అందులో కింది కోర్టు లాయర్ని వదిలిపెట్టలేదు. "ఆ న్యాయవాది ఒక ముద్దాయిని కాపాడటం కోసం మరో ముద్దాయిని నిలువునా ముంచాడు. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని దాచాడు. వృత్తికే తలవంపులు తెచ్చాడు." ఇంత ఘాటుగా ఎందుకు రాశారని గుమస్తా అడిగితే, "నిజం రాయడానికి నేను వెనకాడను, అవతలివాడు ఎవడైనా సరే" అన్నాడట.

పై కోర్టు ఆ వాదనను పూర్తిగా ఒప్పుకుంది. తీర్పు కొట్టేసింది. కొత్తగా విచారించమంది, ఈసారి ఒక్కొక్కరికి ఒక్కో లాయరు ఉండాలని గట్టిగా చెప్పింది. ఆ రోజు వజ్దీ ఆఫీసులో ముషబ్బక్ మిఠాయి పంచాడు. తీర్పు నకలు ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. అప్పటిదాకా కోర్టులో ఎవరూ ఓడించలేని వజ్దీ ఖుర్షీద్‌ను ఓడించినవాడు వజ్దీ ఖుర్షీదే.

అప్పటికి షలబీ లోపలికి వెళ్ళి పంతొమ్మిది నెలలు.

రాగిబ్‌కు వజ్దీయే ఉన్నాడు. దుసూఖీకి కోర్టు ఒక ముసలి లాయర్ని ఇచ్చింది. షలబీకి సమాహ్ అనే అమ్మాయిని ఇచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, కాళ్ళకు అరిగిన బూట్లు. బస్సులో వచ్చినట్టుంది.

"మేస్త్రి గారూ, నేను మీ లాయర్ని" అంది.

షలబీ ఆమెను అనుమానంగా చూశాడు. "నాకొక్కడికేనా?"

"ఒక్కరికే."

"ఈ కేసులో ఇంకెవరూ లేరా మీకు?"

"లేరు."

"అయ్యో పాపం" అన్నాడు షలబీ. మనస్ఫూర్తిగానే అన్నాడు. అంత పెద్ద కేసులో ఒక్క ముద్దాయి మాత్రమే దొరికిన లాయరంటే ప్రాక్టీసు లేదన్నమాట. పంతొమ్మిది నెలల్లో అతనికి అంతవరకు అర్థమైంది.

ఆమె నోటుబుక్కు తెరిచింది. "అంతా మొదటి నుంచి చెప్పండి."

"ఏది చెప్పమంటారు? ఎవరికీ ఇబ్బంది లేనంత వరకు చెప్పనా?"

"ఇబ్బంది ఉన్నదే ముందు చెప్పండి" అంది సమాహ్.

అతను చెప్పాడు. మొదట ప్రతి వాక్యం మధ్యలో ఆగి తలుపు వైపు చూశాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గంట గడిచేసరికి షలబీ జీవితంలో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాడు. ఎజ్బత్‌లో తిన్న చేపల దగ్గర్నుంచి చెప్పాడు. ఆమె రాసుకుంటూనే ఉంది.

మర్నాడు ఇహ్సాన్ దగ్గరికి వెళ్ళింది. దుసూఖీ లాయరుతో మాట్లాడి వచ్చానంది. తమ్ముడు జరిగింది జరిగినట్టు చెప్పబోతున్నాడు, అతని సంగతి చూడటానికి అతని లాయరు ఉన్నాడు. ఇహ్సాన్ వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసింది.

కొత్త దుమ్యాత్‌లో ఆ వీధికి కూడా వెళ్ళింది సమాహ్. హంసల్ని లాగిన భవనం కింద ఒక కిరాణా కొట్టాయన ఉన్నాడు, తాళ్ళు అమ్మింది ఆయనే.

"తాళ్ళు ఎవరు కొన్నారు చాచా?" అని అడిగింది.

"పెళ్ళికొడుకే. గట్టివి ఇవ్వు, హంసలు పడిపోతాయి అన్నాడు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మరి?"

"పోలీసులు ఏమైనా చూశావా అని అడిగారు. చూడలేదన్నా. తాళ్ళు అమ్మావా అని ఎవరూ అడగలేదు తల్లీ."

రెండో విచారణ ఒక్క పూటలోనే అయిపోయింది. చూశారా, వేరే వేరే లాయర్లుంటే వచ్చే నష్టం? వజ్దీ లేచి, వీడియో నమ్మదగ్గది కాదన్నాడు. ఆ మాట అనగానే సమాహ్ లేచి, ఇదే వీడియోను ఇదే న్యాయవాది తన అప్పీలులో దాచిన సాక్ష్యమని రాశారని, ఆ పేజీ చదివి వినిపించింది. కొత్త జడ్జి వజ్దీని చూశాడు.

"ఇందులో ఏది మీ అభిప్రాయం?"

"నా అభిప్రాయాలు రెండూ నావే అధ్యక్షా. ఒకదాని గురించి ఇంకొకదాన్ని అడగడం భావ్యం కాదు" అన్నాడు వజ్దీ, కూర్చుంటూ.

కోర్టులో ఇత్తడి రోలు మోగింది. ఫోనులోనే అయినా గట్టిగా మోగింది. మసీదు ఉపన్యాసం వినిపించింది. కిరాణా కొట్టాయన తాళ్ళ సంగతి చెప్పాడు. దుసూఖీ బోనులోంచి, ఎవరు పిలిచారో, ఏం చెప్పి పిలిచారో, తను ఎంత నమ్మాడో, ఎంత నమ్మనట్టు ఉండి నమ్మాడో అన్నీ చెప్పాడు. రాగిబ్ బోనులో ఒక చివరకు జరిగి కూర్చున్నాడు.

షలబీ నిర్దోషి అని తీర్పు వచ్చింది. దుసూఖీకి అప్పటికి అనుభవించిన శిక్ష సరిపోతుందన్నారు. రాగిబ్‌కు మూడేళ్ళు అలాగే ఉంచారు.

బోను తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు విన్నా షలబీ వెంటనే లేవలేదు. సమాహ్ చువ్వల దగ్గరికి వచ్చి, "మేస్త్రి గారూ, మీరు వెళ్ళొచ్చు" అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

బయట వరండాలో ఇహ్సాన్ ఒక చేత్తో మొగుణ్ణీ, ఒక చేత్తో తమ్ముణ్ణీ పట్టుకుని నిలబడింది. ఎదురుగా బహీగా గారు వచ్చింది. ఏడ్చి ఏడ్చి కాటుక చెదిరింది. పక్కన వజ్దీ ఖుర్షీద్, చంకలో ఫైలు. ఈసారి ఒక్కటే ఫైలు.

"నీ మొగుడికి లాయరు లేకపోతే నా సొమ్ముతో నా లాయర్ని పెట్టాను. దానికి నువ్వు నా కొడుక్కి చేసిన మేలు ఇదా?" అంది బహీగా గారు. "విశ్వాసం అనేది ఉందా నీకు?"

వరండాలో జనం ఆగిపోయారు. షలబీ తల దించుకున్నాడు, ఇరవై ఏళ్ళ అలవాటు. ఇహ్సాన్ మాత్రం దించుకోలేదు.

"అమ్మా, మీరు మా ఆయనకి లాయర్ని పెట్టలేదు" అంది నెమ్మదిగా. "మీ అబ్బాయికి అడ్డంగా మా ఆయన్ని పెట్టారు."

బహీగా గారు లాయరు వైపు తిరిగింది, ఏదైనా అనమన్నట్టు. వజ్దీ ఖుర్షీద్ నోరు తెరిచాడు. అభ్యంతరం చెప్పడానికే తెరిచాడు. కానీ పాఠకులారా, అంత గొప్ప న్యాయవాదికి ముప్పై ఏళ్ళలో మొదటిసారి, ఆ అభ్యంతరం ఎవరి తరఫున చెప్పాలో తోచలేదు.